మేకలకు టేపు పట్టిన మా తోడికోడలు

మా తోడికోడలు మనిషిని ముఖం చూసి గుర్తుపట్టదు, చుట్టుకొలత చూసి గుర్తుపడుతుంది. వీధిలో ఎవరో పలకరించి వెళ్తారు. ఎవరే ఆవిడ అని నేనడిగితే, "ఛాతీ ముప్ఫై ఎనిమిది, ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది అక్కా" అంటుంది. పేరు అడిగితే నీళ్లు నములుతుంది. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి. ఈ చుట్టుపక్కల సగం మంది ఒంటిమీద బట్ట ఆవిడ చేతిదే. కుట్టు బాగుంటుందని నేను ఒప్పుకుంటాను. నోరు బాగుంటుందని మాత్రం ఒప్పుకోను. నా నోటికంటే ఒక మెట్టు కిందే అయినా అదీ తక్కువదేం కాదు.

సూదిలోకి దారం ఎక్కించడానికి కళ్లు సహకరించని రోజు వచ్చింది. ఆ రోజే కొట్టు మూసేసింది. ఇక ఇంటిపట్టున హాయిగా ఉంటావులే అన్నాను. "ఖాళీగా కూర్చుంటే నీలా అయిపోతాను అక్కా" అంది. నేను ఖాళీగా కూర్చుంటానని ఆవిడకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. వారం తిరిగేసరికి రెండు ఆడమేకలను తోలుకొచ్చింది. రెండు మూడయ్యాయి, మూడు అయిదయ్యాయి.

మా రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే, వెనక పెరడు ఒకటే. అటు రెండు గదుల్లో తను, తన మొగుడు. ఇటు రెండు గదుల్లో నేను. మేకలు ఆవిడవే అయినా వాసన మాత్రం ఇద్దరికీ సమానంగా వచ్చేది. మొదటి నెల నేను కిటికీ మూసుకుని కూర్చున్నాను. రెండో నెల తెరిచాను. మూడో నెల ఆ కిటికీలోంచే "నీళ్ల తొట్టిలో ఆకు పడింది, మార్చు, అవి తాగవు" అని అరవడం మొదలుపెట్టాను. అరిచిన మాత్రాన నాకు మేకలంటే ఇష్టమని ఎవరూ అనుకోవద్దు. తప్పు కళ్లెదుట కనిపిస్తే ఊరుకునే గుణం నాకు లేదు, అంతే.

మరిది గురించి కూడా ఒక మాట చెప్పాలి. గడియారాలు బాగుచేసేవాడు. ఇప్పుడు అదీ మానేశాడు. టైమెంత అని అడిగితే పది నిమిషాలు ఆలోచించి, పది నిమిషాల కిందటి టైము చెప్తాడు. మంచివాడు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

మా తోడికోడలు మేకలను పెంచిన తీరు చూస్తే వాటికి బట్టలు కుడుతుందేమో అనిపించేది. పేర్లే చూడండి. మెడ చుట్టూ తెల్లగా ఉన్నది కాలరు. వీపు మీద నల్ల గీత ఉన్నది అంచు. చెవి మడిచినట్టు ఉన్నది మడత. అన్నింటికంటే చిన్నది గుండీ. ఎంత పెట్టినా ఇంకా పట్టేది జేబు.

కొట్టులో బట్టలు కత్తిరించే పెద్ద బల్లను తెచ్చి ముక్కలు చేయించి, నేలకు మూరెడెత్తున మేకలకు అరుగు వేయించింది. చెక్కకూ చెక్కకూ మధ్య వేలెడు సందు. పెంటికలు ఆ సందుల్లోంచి కిందికి రాలిపోతాయి, పైన పొడిగా ఉంటుంది. మేకకు తడి పనికిరాదు. కింద తడి ఉంటే గిట్ట చెడుతుంది, ఊపిరి చెడుతుంది. గడ్డి నేలమీద వేయదు. నేలమీద పడ్డ గడ్డిని మేక ముట్టదు, ముట్టినా పురుగులు పడతాయి. గోడకు చెక్క బద్దలు కొట్టి, మెడ పైకి చాచి తినేలా గడ్డి అందులో పెట్టేది.

గిట్టలు నెలన్నరకోసారి కత్తిరించేది. ముందు సుద్దముక్కతో గిట్ట మీద గీత గీసేది, ఆ గీత వెంట కత్తిరించేది. కత్తిరింపు అయ్యాక నాలుగు కాళ్లూ సమంగా వచ్చాయో లేదో మేకను నేల మీద నిలబెట్టి, తను మోకాళ్ల మీద వంగి చూసేది. పెళ్లిబట్టలు కుట్టినప్పుడు కూడా అంత వంగలేదు.

అన్నింటికంటే పెద్ద విచిత్రం దారపు రీళ్లు. మేక ఒంట్లో పురుగులుంటే నెత్తురు తగ్గుతుంది. నెత్తురు తగ్గితే కింది కనురెప్ప లోపల పాలిపోతుంది. అది పశువుల డాక్టరమ్మ నేర్పింది. మా తోడికోడలు దానికి తన తెలివి జోడించింది. అయిదు గులాబి రంగు దారపు రీళ్లు, ముదురు నుంచి లేతకు, ఒక పుల్లకు గుచ్చి పెట్టుకుంది. రెప్ప కిందికి లాగి, రీళ్లు పక్కన పెట్టి, "రెండో రీలు, బాగుంది" అనేది. నాలుగో రీలుకు వస్తే మందు వేసేది.

మందు ఎంత వేయాలో బరువును బట్టి ఉంటుంది. మా ఇంట్లో మేకను తూచే కాటా లేదు. అందుకని డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ టేపు పెట్టి, ఇన్ని అంగుళాలైతే ఇంత బరువు అని అందులో ఉంటుంది. టేపు అనే మాట వినగానే మా తోడికోడలి ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి మూడేళ్లపాటు, ప్రతి గురువారం పొద్దున్నే, ఉన్న మేకలన్నింటికీ కొలతలు. పాత కొలతల పుస్తకాల్లో ఖాళీగా మిగిలిన పేజీల్లో రాసేది. కాలరు, ముప్ఫై. జేబు, ముప్ఫై రెండు. పక్క పేజీలో ఎవరిదో చొక్కా చేతుల పొడుగు.

ఇదంతా ఇలా సాగుతుండగా పశువుల ఆసుపత్రికి మంచి జాతి మేకపోతు వచ్చింది. దాన్ని మా వీధిలో ఒక ఇంట్లో ఉంచుతామని, మిగతావాళ్లు తమ మేకలను అక్కడికే తోలుకు రావాలని డాక్టరమ్మ చెప్పింది. ఎవరి మేకలు ఆరోగ్యంగా ఉంటే వాళ్లింట్లోనే. సోమవారం వచ్చి చూస్తానంది.

మా తోడికోడలికి ఆ పోతు కావాలి. ఎంత కావాలంటే, అడగకుండానే నాకు టీ పెట్టి తెచ్చి ఆ మాట చెప్పింది. అంతకుముందు ఏడాది, వీధిలో తిరిగే బక్క పోతు వల్ల పుట్టిన పిల్లలు మూడింటిలో రెండు నిలబడలేక చనిపోయాయి. మూడోది గుండీ. పుట్టినప్పుడు అరచేతిలో పట్టింది. పాలు తాగడానికి తల ఎత్తలేకపోతే, చెంచాతో పోస్తూ రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఈసారి పుట్టేవి వాటంతట అవి లేచి నిలబడాలి అక్కా. నేను మళ్లీ అలా కూర్చోలేను" అంది. టీలో పంచదార తక్కువైందని అనబోయి ఊరుకున్నాను.

పోటీకి ఉన్నది ఒక్కడే. వీధి చివర మీటరాయన. ముప్ఫై ఏళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకున్న మనిషి. నాలుగు మేకలున్నాయి. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాచి, ఎదుటివాళ్ల ఇల్లంతా ఒక మీటరులా చూస్తాడు.

సోమవారానికి ఇంకా అయిదు రోజులున్నాయి. బుధవారం సాయంత్రం జేబు ఆకుల మోపు చూసి ఎగిరింది. మా తోడికోడలు ఆ మోపు వెనకే ఉంది. మోపూ తనూ జేబూ కలిసి నేలమీద పడ్డారు. కుడి మణికట్టు బెణికింది. కళ్లజోడు రెండు ముక్కలైంది. జేబు మాత్రం పడ్డచోటే ఆకులు తినడం మొదలుపెట్టింది.

కళ్లజోడు బాగుచేసి సోమవారం ఇస్తానన్నాడు కళ్లద్దాలవాడు. గురువారం వచ్చింది. చేతికి కట్టు, కళ్లకు అద్దాలు లేవు, కొలతలు తీయాలి.

"నువ్వు తియ్యి అక్కా" అంది.

"నాకెందుకు ఆ గోల" అన్నాను.

"టేపు చదవడం రాకపోతే రాదని చెప్పు. సిగ్గు పడాల్సింది ఏముంది, మూడో తరగతే కదా చదివావు."

మూడో తరగతిలో నేను మొదటి మార్కు. ఆ సంగతి ఆవిడకు నలభై సార్లు చెప్పాను. టేపు లాక్కుని కాలరు ఛాతీకి చుట్టాను. బిగించి, వెంట్రుకవాసి కూడా వదలకుండా చూశాను.

"ఇరవై ఎనిమిది."

"సరిగ్గా చూడు. పోయిన వారం ముప్ఫై."

"పోయిన వారం సంగతి పోయిన వారాన్నే అడుగు. ఇప్పుడు ఇరవై ఎనిమిది."

అంచుకు ఇరవై ఏడు వచ్చింది. పుస్తకంలో ఇరవై తొమ్మిది ఉంది. మడతకు ఇరవై తొమ్మిది, పుస్తకంలో ముప్ఫై ఒకటి. జేబుకు ముప్ఫై, ఉన్నది ముప్ఫై రెండు. గుండీకి ఇరవై నాలుగు అని నేను చెప్పేసరికి మా తోడికోడలు నీళ్ల బకెట్టు బోర్లించి దాని మీద కూలబడింది.

"ఒక్క వారంలో రెండంగుళాలు. అన్నింటికీ. ఇదేదో రోగం అక్కా."

నేను రీళ్ల పుల్ల తెచ్చి రెప్పలు చూశాను. అన్నీ రెండో రీలే. పెంటికలు చూశాను. గుండ్రంగా, గట్టిగా ఉన్నాయి. జేబు నా కొంగులో ముక్కు పెట్టింది. ఇంత దిట్టంగా ఉన్నవాటికి రోగమేమిటే అన్నాను. "నీకు రంగులు తెలియవు. ఆకుపచ్చకూ నీలానికీ తేడా తెలియని మనిషివి. నీకు అంకెలన్నా వచ్చా అసలు? ఇరవై ఎనిమిదికీ ముప్ఫైకీ తేడా తెలుసా?" అంది తోడికోడలు.

"తెలుసు. ఈ ఇంటికి నీకంటే ముందు వచ్చినదాన్ని నేను. ముప్ఫై కంటే ముందు వచ్చేది ఇరవై ఎనిమిది."

మరిది గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. చాలాసేపు ఆలోచించాడు.

"అయిదూ సరిగ్గా రెండేసి తగ్గాయంటే, అవి ముందే మాట్లాడుకుని తగ్గి ఉండాలి" అన్నాడు.

"మీరు లోపలికి వెళ్లండి" అంది పెళ్లాం. వెళ్లాడు. ఆ రోజు మా అందరిలో అసలు విషయానికి దగ్గరగా వెళ్లినవాడు ఆయనే. పాపం ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

నా మాట నమ్మక, ఆవిడ చేయకూడని పని చేసింది. వీధిలో పోతున్న మీటరాయన్ని పిలిచింది. అంకెలు చూడటంలో అతనికి మించినవాడు లేడని. అతను పెరట్లోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, టేపు దగ్గరికి మెడ చాచాడు.

"ఇరవై ఎనిమిది చెల్లెమ్మా."

"బాగా చూడండి అన్నయ్యగారూ."

"ముప్ఫై ఏళ్లు చూశాను. ఒక్కసారి తప్పు రాయలేదు. ఇరవై ఎనిమిది." పుస్తకంలో ముప్ఫై ఉండటం కూడా చూశాడు. ముఖం విచారంగా పెట్టాడు గానీ మీసం మాత్రం నవ్వింది. "ఇదేదో అంటు జబ్బులా ఉంది. పోతు రాకముందే డాక్టరమ్మ చెవిన వేయడం మంచిది. మీరు మొహమాట పడితే నేను చెప్తాను."

"మీరు మీ మేకల గిట్టలు కత్తిరించుకోండి, అవి చెప్పుల్లా సాగాయి" అన్నాను నేను.

"అక్కగారికి కోపం వచ్చింది" అని వెళ్లిపోయాడు.

శుక్రవారం, శనివారం మా తోడికోడలు సరిగ్గా తినలేదు. సోమవారంలోపు రెండంగుళాలు ఎలా పెంచాలా అని ఒకటే గుబులు. మనిషికైతే బట్ట కింద ఇంకో బట్ట వేసి లావుగా చూపించొచ్చు అంది. మేకకు ఎలా అని నన్నే అడిగింది. వాటిని వాటి మానాన వదిలెయ్యమన్నాను. మేకకు మేత మార్చాలంటే రోజూ గుప్పెడు గుప్పెడుగా పది రోజుల్లో మార్చాలి. ఉన్నపళంగా గింజలు పెడితే కడుపు ఉబ్బుతుంది. ఇది నాకు తెలుసు, ఎందుకంటే ఆవిడే నాకు వందసార్లు చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచి కిటికీలోంచి చూస్తే జేబు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఎడమ పక్క కడుపు బంతిలా ఉబ్బింది. పళ్లు కొరుకుతోంది. పక్కన ఖాళీ బకెట్టు. బకెట్టు అంచున మొక్కజొన్న పిండి.

"ఏమే, ఏం పెట్టావే దానికి?"

నేను వెళ్లేసరికి తోడికోడలు జేబు మెడ పట్టుకుని నిలబడింది. "అన్నింటికీ కొంచెం కొంచెం పెడదామని కలిపి పెట్టాను. తలుపు గొళ్లెం వెయ్యడానికి వెనక్కి తిరిగేలోపు మొత్తం ఇదే తినేసింది. అరబకెట్టు. అక్కా, ఇది చచ్చిపోతే నేనే చంపినట్టు."

తిట్టడానికి నా దగ్గర మంచి మాటలు చాలా ఉన్నాయి. తర్వాతకు దాచుకున్నాను. పశువుల ఆసుపత్రికి మనిషిని పంపితే ఆదివారం తాళం వేసి ఉంది. డాక్టరమ్మకు మరిది ఫోను చేస్తే, ఎక్కడో దూరాన ఆవుకు పురుడు పోసే పనిలో ఉందట, ఆమె దగ్గరుండే మనిషి చెప్పాడు. నూనెలో వంటసోడా కలిపి పట్టించండి, కూర్చోనివ్వకండి, నడిపించండి, ఎడమ పక్క తోమండి అని. మరిది ఆ నాలుగు మాటలూ చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు.

నేను తల ఎత్తి పట్టుకున్నాను. ఆవిడ ఎడమచేత్తో సీసా పెట్టి, మింగే వీలుండేలా కొద్దికొద్దిగా పోసింది. తొందరపడి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత వీధిలోకి తీసుకొచ్చి నడిపించాం. ముందు నేను, మధ్యలో జేబు, వెనక తోడికోడలు నెడుతూ, పక్కన మరిది కడుపు తోముతూ. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు. జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఒకావిడ, "ఎక్కడికి ఊరేగింపు?" అంది. మరిది ఆగి జవాబు చెప్పబోయాడు. "ఆగకండి, తోమండి" అని ఇద్దరం ఒకేసారి అన్నాం. నలభై ఏళ్లలో మేమిద్దరం ఒకే మాట ఒకేసారి అనడం అదే మొదలు.

అయిదో విడతకు మీటరాయన ఇంటి ముందుకు వచ్చేసరికి జేబు ఇక నడవలేక ఆగింది. అతని ఇంటి మెట్లు ఎత్తుగా ఉంటాయి. ముందుకాళ్లు మెట్టు మీద పెట్టించాం, గాలి పైకి రావాలని. మీటరాయన బయటికి వచ్చాడు.

"ఏమైంది చెల్లెమ్మా? జబ్బు ముదిరిందా?" అని, చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాచి, జేబు ముఖంలోకి వంగి చూశాడు.

అప్పుడు జేబు తేన్చింది.

అలాంటి తేనుపు నేను నా జన్మలో వినలేదు. పెద్ద గోనెసంచి చించినట్టు మొదలై, చాలాసేపు సాగి, చివర్లో గుడగుడమని ఆగింది. పుల్లని గాలి, నూనె, మొక్కజొన్న పిండి, అన్నీ మీటరాయన ముఖం మీదికి వెళ్లాయి. కళ్లు మూసుకుని కదలకుండా నిలబడిపోయాడు. రెండోది వచ్చింది. మూడోదానికి మెట్టు దిగి పక్కకు జరిగాడు. కడుపు చూస్తుండగానే దిగింది. మా తోడికోడలు నడిరోడ్డు మీద కూర్చుని జేబు కాళ్లు పట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. కళ్లలో ఏదో పడింది, అంతే.

సోమవారం పొద్దున మరిది కళ్లజోడు తెచ్చాడు. మా తోడికోడలు దాన్ని పెట్టుకునేలోపే డాక్టరమ్మ వచ్చేసింది. చిన్నపిల్ల, చెప్పులు చేత్తో పట్టుకుని పెరట్లోకి నడిచే రకం. వెంట ఒక మనిషి, భుజాన వేలాడదీసే కాటా. వెనకే, ఎవరూ పిలవకుండా, మీటరాయన.

డాక్టరమ్మ అరుగు కింద చూసింది. పైన చెయ్యి పెట్టి పొడిగా ఉందని తల ఆడించింది. గిట్టలు చూసింది. "ఇవెవరు కత్తిరించారు? ఇంత తిన్నగా నేనూ చెయ్యలేను" అంది. రెప్పలు చూసింది, రీళ్ల పుల్ల చూసి నవ్వు ఆపుకుంది. నా తోడికోడలు మాత్రం నవ్వడం లేదు. జేబు దగ్గర డాక్టరమ్మ ఆగింది. గడ్డం కింద నూనె జిడ్డు.

"దీనికేమైంది?"

"కొత్త గడ్డి పడలేదు" అన్నాను నేను. అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. కానీ పోతు పోతుందే అనిపించింది.

"అక్క అబద్ధం చెప్తోంది డాక్టరమ్మా" అంది మా తోడికోడలు. "మొక్కజొన్న పిండి, అరబకెట్టు. పెట్టింది నేను."

మీటరాయన గొంతు సవరించుకున్నాడు. నేను ఒక్క చూపు చూశాను. మళ్లీ సవరించుకోలేదు.

"మీరా? ఇన్నేళ్లుగా పెంచుతున్నారు, మీకు తెలియదా?"

"తెలుసు. అన్నీ తగ్గిపోయాయి. రెండంగుళాలు. మీరు వచ్చేలోపు కాస్త పెరుగుతాయని."

డాక్టరమ్మ పుస్తకం తీసుకుంది. మూడేళ్ల గురువారాలు తిప్పింది. చివరి గురువారం నా అంకెలు. కాటా వేలాడదీయమంది. ఒక్కో మేకనూ బట్టలో పెట్టి ఎత్తారు. గుండీ తనకు ఉయ్యాల కట్టారనుకుని దిగనంది. కాగితంలో బరువులు చూసి డాక్టరమ్మ కనుబొమలు పైకెత్తింది.

"పోయిన గురువారం కొలిచింది ఎవరు?"

"నేనే" అన్నాను, వీపు నిటారుగా పెట్టి.

"కాటాకు, మీ కొలతకు ఇంచుమించు సరిపోతోంది పెద్దమ్మా. అంతకుముందు వారాలవే సరిపోవడం లేదు." మా తోడికోడలి వైపు తిరిగింది. "మీరు ఒకసారి కొలిచి చూపించండి."

కట్టు విప్పిన చేత్తో, కొత్తగా అతికించిన కళ్లజోడుతో, ఆవిడ కాలరు ఛాతీకి టేపు చుట్టింది. చేతివాటం ఎంత బాగుందో, చూడ్డానికే ముచ్చటేసింది. చూసి, పెన్సిలు అందుకుంది.

"ముప్ఫై" అంది.

డాక్టరమ్మ వంగి చూసింది. "ఇక్కడ ఇరవై ఎనిమిది ఉందమ్మా."

"అవును, ఇరవై ఎనిమిదే."

"మరి ముప్ఫై అన్నారు?"

"ఇరవై ఎనిమిది కదా. అందుకే ముప్ఫై."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను మరిది వైపు చూశాను. మరిది మేక వైపు చూశాడు.

"ఆ రెండూ ఎక్కణ్ణుంచి వచ్చాయమ్మా?"

మా తోడికోడలు డాక్టరమ్మను చదువు రాని పిల్లను చూసినట్టు చూసింది. "వదులు పెట్టొద్దా? ఒంటికి అంటుకునేలా పెడితే అది ఊపిరి ఎలా పీల్చుకుంటుంది?"

ఆ మాట విని నేను మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో నాకే తెలుసు. నలభై ఏళ్లుగా ఎవరి ఒంటికి టేపు పెట్టినా, కంటికి కనిపించినదానికి రెండు కలిపి రాసిన చెయ్యి అది. కలుపుతున్నానని ఆ చేతికే తెలియదు. మూడేళ్లపాటు మేకలకు, కనపడని చొక్కాలు కుట్టడానికి కొలతలు తీసింది మా తోడికోడలు. నెమ్మదిగా ఆవిడకు అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి. ఒకటో రీలు రంగు.

"అంటే ఇవి తగ్గలేదా?"

"వెంట్రుకంత కూడా తగ్గలేదు" అంది డాక్టరమ్మ. "పురుగుల మందు మాత్రం ఇన్నేళ్లూ కాస్త ఎక్కువ పడింది. ఆ ఎక్కువ వల్ల వీటికేం కాలేదు. తక్కువ పడి ఉంటే పురుగులు బలిసేవి. అయినా ఇక నుంచి సరిగ్గా వెయ్యండి. గింజలు మాత్రం ఇంకోసారి పెడితే నేనే వచ్చి మిమ్మల్ని వీధిలో నడిపిస్తాను."

మీటరాయన ముందుకు వచ్చాడు. "మా మేకల కొలతలు మొదటినుంచీ సరిగ్గానే ఉన్నాయి డాక్టరుగారూ. ఒక్క అంకె తప్పు లేదు."

"పొద్దున చూశానండీ మీ మేకలను. అంకెలు బాగున్నాయి. కింద తడి ఉంది, గిట్టలు సాగాయి, రెండింటికి రెప్పలు పాలిపోయాయి." చెప్పులు వేసుకుంటూ అంది, "పోతును రేపు ఇక్కడికి పంపిస్తాను. ఒక షరతు. కొలత పెద్దమ్మ తియ్యాలి."

డాక్టరమ్మ వెళ్లాక మా తోడికోడలు ఏమంటుందా అని చూశాను. టేపు చుట్టచుట్టి నా చేతిలో పెట్టి, "ఇన్నాళ్లూ బాగున్న మేకల్ని చూసి ఏడ్చాను అక్కా" అంది. అప్పుడు దాచుకున్న తిట్లన్నీ బయటికి తీశాను. సగం దాకా వచ్చాక ఇద్దరికీ నవ్వు వచ్చింది. మిగతా సగం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మర్నాడు పోతు వచ్చింది. గోధుమ రంగు, వెనక్కి తిరిగిన కొమ్ములు, వేలాడే చెవులు. చూడ్డానికి రాజులా ఉంది. అయితే మేకపోతు వాసన ఎలా ఉంటుందో చెప్పడానికి నా దగ్గర మాట లేదు, నా దగ్గర లేని మాట ఇంకెవరి దగ్గరా ఉండదు. తన గడ్డం మీద తనే ఉచ్చ పోసుకుని, అది అత్తరనుకుని, తల ఎత్తి నిలబడుతుంది. మొదటి గురువారం దాన్ని కొలిచి వచ్చి నాలుగుసార్లు స్నానం చేశాను. కూరగాయల కొట్టుకు వెళ్తే నా ముందున్న వాళ్లంతా దారి ఇచ్చారు. గౌరవం అనుకున్నాను, ఒక నిమిషం.

మా తోడికోడలికి ఆ వాసన తెలియడం లేదట. పొద్దున్నే లేచి, దాని కొమ్ముల మధ్య గోకుతూ కూర్చుంటుంది. "చూడు అక్కా, నడుము ఎంత తిన్నగా ఉందో" అంటుంది. చూస్తాను, కిటికీలోంచే.

పది రోజులకు మీటరాయన వచ్చాడు, ముక్కుకు రుమాలు కట్టుకుని, మేకను తాడుతో పట్టుకుని. గేటు బయటే ఆగాడు.

"చెల్లెమ్మా, మా మేకను ఒకసారి..."

మా తోడికోడలు గేటు దగ్గరికి వెళ్లింది. ముందు మేక రెప్ప కిందికి లాగి చూసింది. తర్వాత ఒక కాలు ఎత్తి చూసింది. "ఈ గిట్టలతో మా పోతు దగ్గరికి రానివ్వను అన్నయ్యగారూ. దీనికి సరిగ్గా నిలబడటమే రావడం లేదు. రేపు మందు వెయ్యండి. ఈలోపు ఇటు ఇవ్వండి, నేను కత్తిరిస్తాను. మీరు తల పట్టుకోండి."

అతను రుమాలు సర్దుకుని మేక తల పట్టుకున్నాడు. లోపలినుంచి పోతు ఒకసారి గట్టిగా అరిచి, తన అత్తరు ఇంకాస్త పూసుకుంది. గాలి అటు తిరిగింది. మీటరాయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తల వదల్లేదు. అయినా నేను వెళ్లి ఆ మేక వెనక కాళ్లు పట్టుకున్నాను. పని సగంలో ఆగిపోతుందని, అంతే.